స్కాఫీకి నాలుగు హద్దులు

పొద్దున ఆరింటికి పనివాళ్ళ పడవ స్కాఫీ దీవికి వెనకవైపు ఆగుతుంది. ముందువైపున్న చెక్కరేవు అతిథులది. వెనకవైపు రాళ్ళు, నాచు, కాలు జారితే పగిలే మోకాళ్ళు. అనెజీనా పదకొండేళ్ళుగా ఆ రాళ్ళమీదే దిగుతోంది. ఏ రాయి కదులుతుందో ఏది కదలదో ఆమె పాదాలకి తెలుసు. నడక నేర్చింది వాటిమీదే మరి.

దిగగానే బూడిదరంగు గౌను తొడుక్కోవాలి. గోడల రాయిది ఏ రంగో గౌనుదీ అదే రంగు. కావాలనే అలా కుట్టించారు. గోడపక్కన నిలబడితే మనిషి కనబడకూడదు. వారం రోజులకి ఓ రైతు రెండేళ్ళ సంపాదన పోసి వచ్చినవాళ్ళు అక్కడ కొనుక్కునేది ఏకాంతం. ఆ ఏకాంతంలో తమ పక్కలు దులిపే ఆడమనిషి కంటబడితే పెట్టిందంతా దండగ. వంటమనిషి రీనియో ఆ గౌను తొడిగినప్పుడల్లా అదే మాట అంటుంది:

"నన్ను ఇంట్లో కనబడకుండా చెయ్యడానికి మా ఆయనకి ఇరవై ఏళ్ళు పట్టిందే. వీళ్ళు ఒక్క గుడ్డతో చేసేశారు."

అనెజీనా పని దుప్పట్లు. నారబట్ట దుప్పట్లు ఉతికి, ఎవరికీ కనబడని ఎత్తుగోడ వెనక ఆరేసి, పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేసి, మడతల్లో వాసనకి లావెండరు రెమ్మ పెట్టాలి. చుట్టూ ఇంత సముద్రం ఉండగా మధ్యలో ఈతకి వేరే తొట్టి కట్టించుకున్న మనుషులు వాళ్ళు. రోజుకి రెండుసార్లు దుప్పట్లు మార్చమంటారు. ఎందుకని అడక్కూడదు.

ఆ దీవి అనెజీనాది. కాగితం ప్రకారం కాదనేవాళ్ళున్నారు గానీ, ఆమెదేనని ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు.

ఆ ఊళ్ళో ఆస్తి పంచే పద్ధతి ఒకటుంది. లోపలి పొలాలు, ద్రాక్షతోటలు కొడుకులకి. ఉప్పుగాలికి గడ్డి కూడా సరిగ్గా మొలవని ఒడ్డు, దానిమీది రాళ్ళు కూతుళ్ళకి. కూతుళ్ళకీ పెట్టామన్న పేరు దక్కుతుంది, చేతిలోంచి పోయేది ఏమీ ఉండదు. తాతలనాటినుంచి హాయిగా జరిగిపోతున్న ఆ మోసానికి ఉత్తరాది దేశాలవాళ్ళు అడ్డంవచ్చారు. వాళ్ళు ఎండకోసం వచ్చారు. ద్రాక్షతోటవైపు తిరిగి చూసినవాడు లేడు. అందరికీ ఒడ్డే కావాలి. అప్పుడు ఊళ్ళో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా అక్కచెల్లెళ్ళు గుర్తొచ్చారు.

స్కాఫీ అంటే బట్టలుతికే తొట్టి. దీవి ఆకారమూ అదే. మేకలు మేపుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని అనెజీనా అమ్మమ్మకి ఆమె తండ్రి రాసిచ్చాడు. అమ్మమ్మనుంచి అమ్మకి వచ్చింది. స్కాఫీకి ఓ అలవాటుంది. దాని మనిషి దానిదగ్గరికి రాలేకపోతే అదే ఆమెదగ్గరికి వస్తుంది. అమ్మమ్మ పురిటిమంచం మీదున్న నలభై రోజులూ అది, ఇప్పుడు అనెజీనా ఉంటున్న ఈ ఇంటి పెరటిగోడకే ఆనుకుని ఉండిపోయింది. మేకలు దిగొచ్చి ఫాదరీ ఇంటిముందు తులసి మొక్కలన్నీ మేసేశాయి. జాలర్లు చుట్టూ తిప్పుకుని పోలేక, పిల్లని కని ఇన్ని రోజులు పడుకోవాలా అని విసుక్కున్నారు. నలభై ఒకటో రోజు అమ్మమ్మ లేచి చర్చికి వెళ్ళింది, స్కాఫీ తన చోటుకి వెళ్ళింది. అమ్మకి కాలు విరిగినప్పుడు మళ్ళీ అదే కథ. రేవు గుమాస్తా పుస్తకంలో 'ఇవాళ గాలి ఉత్తరం, స్కాఫీ ఊళ్ళోనే ఉంది' అని రాసుకునేవాడు.

అమ్మ పోయిన ఏడాదే మేనమామ పాండెలీస్ దీవిని ఓ హోటలు కంపెనీకి అమ్మేశాడు. చెల్లెలు బతికుండగానే తనకి హక్కు రాసిచ్చిందని కాగితం చూపించాడు. కింద ద్రాక్షతీగలా మెలికలు తిరిగిన సంతకం ఉంది. అమ్మ జన్మలో కలం పట్టలేదు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ శిలువగుర్తు గీసేది. అనెజీనా దావా వేసింది. కోర్టులో సంతకం సంగతి ఎవరూ అడగలేదు. హద్దులు చెప్పమన్నారు. అమ్మమ్మనాటి కాగితం ఆమె పురిటిరోజుల్లో ఆమె తండ్రి రాసింది కాబట్టి అందులో ఇలా ఉంది: ఉత్తరాన నా కూతురి పెరటిగోడ, మిగిలిన మూడువైపులా సముద్రం. కంపెనీ కాగితంలో నాలుగువైపులా సముద్రమే. దీవి ఎప్పుడో ఊళ్ళోకి వచ్చి ఉంటే ఉండొచ్చు, కొలిచే రోజు ఎక్కడుందో అదే లెక్క అని కంపెనీ లాయరు వాదించాడు. సరే, ప్రభుత్వం తరఫున కొలుస్తారు, ఏ కాగితం నేలతో సరిపోతే ఆ కాగితానికే పట్టా అన్నారు.

కంపెనీ ముందుజాగ్రత్తగా పన్నెండు లంగర్లు వేయించింది. ఒక్కో గొలుసుకడియం రొట్టెలపళ్ళెమంత ఉంటుంది. వాటికి పని పడలేదు. ఈ పదకొండేళ్ళలో స్కాఫీ జానెడైనా కదల్లేదు. ఆ సంగతి అనెజీనాకి లోపలెక్కడో ముల్లులా ఉండేది. మావయ్య అమ్మితే అమ్మాడు, ఇది కూడా అమ్ముడుపోయిందా అనుకునేది. అయినా వేసవిలో దుప్పట్లకోసం, చలికాలంలో గదులు బూజు పట్టకుండా తలుపులు తీసిపెట్టడానికి, ఆదివారాలు అమ్మమ్మ కట్టించిన చిన్న శిలువగుడిలో దీపం పెట్టడానికి, రోజూ వెళ్తూనే ఉంది. జ్వరమొచ్చినా వెళ్ళింది.

రేపు కొలతలనగా ఆ మధ్యాహ్నం అనెజీనా గుడిమెట్టుమీద కూర్చుని రొట్టె, ఆలివ్‌పళ్ళు తింటోంది. పళ్ళగింజలు జేబులో వేసుకుంటోంది. గింజ కూడా కనబడకూడదని రూలు. తిని లేచేలోపలే కబురొచ్చింది, మేనేజరు పిలుస్తున్నాడని.

ఫిలిప్పాస్ రాజధానినుంచి వచ్చినవాడు. గొంతు పెంచడు. అందుకే అతనంటే అందరికీ భయం.

"కూర్చోండి అనెజీనాగారూ. ఈతతొట్టి దగ్గరున్న ఆవిడ మిమ్మల్ని చూశారట."

"చూస్తే?"

"నల్ల రుమాలు కట్టుకున్న ముసలావిడెవరో మెట్టుమీద కూర్చుని నములుతోందని ఫిర్యాదు. దృశ్యం పాడైందంటున్నారు."

"నాకు యాభై రెండు. ముసలిదాన్ని కాదు. నములుతున్నానంటే పళ్ళున్నాయనేగా."

ఫిలిప్పాస్ నవ్వలేదు. సొరుగులోంచి ఓ కాగితం తీసి, దానిమీద కలం పెట్టి ఆమెవైపు జరిపాడు.

"దీనిమీద సంతకం పెట్టండి. దావా వెనక్కి తీసుకుంటున్నట్టు. పని ఉంటుంది, జీతం పెరుగుతుంది. తినడానికి లోపల ఒక గది కూడా ఇస్తాం, కిటికీ లేనిది."

"పెట్టకపోతే?"

"ఈ సాయంత్రంనుంచి దీవిమీద మీరు కాలు పెట్టడానికి వీల్లేదు. ఆదివారాలు కూడా. దీపం ఎవరిచేతో పెట్టిస్తాం."

"మా అమ్మమ్మ దీపానికి కూడా కూలిమనిషేనా?"

"దృశ్యం బాగుంటుందని అతిథులు అంటున్నారు. దీపం వరకూ ఉంచుతాం."

అనెజీనా కలం చూసింది. ఇంట్లో రాబడి అంటే ఆ దుప్పట్లే. భర్త పడవ ఉప్పునీళ్ళ అడుగున ఉంది, భర్త దానితోనే ఉన్నాడు. మెలికల సంతకం గుర్తొచ్చింది. అమ్మచేత బతికుండగా ఎవరూ పెట్టించలేనిది చచ్చాక పెట్టించారు. తనచేత బతికుండగానే పెట్టించాలని చూస్తున్నారు.

గౌను తీసి, మడతపెట్టి, ఇస్త్రీ చేసినంత నీటుగా బల్లమీద పెట్టింది. జేబులో ఆలివ్ గింజలు మాత్రం తీసుకుంది.

రీనియో పడవదాకా వెంట వచ్చింది. "సంతకం పెట్టేయాల్సింది. కాగితమేగా, కడుపు నింపుతుందా?"

"నువ్వైతే పెడతావా?"

"నేనైతే కలంతో వాడి కన్ను పొడుస్తాను. అది వేరే సంగతి. నీకు పిల్లలు లేరు, నీకు జీతం కావాలి."

"నాకేం కావాలో నాకంటే ఊరందరికీ బాగా తెలుసు" అంది అనెజీనా, పడవెక్కుతూ.

మర్నాడు ఆరింటికి ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ వేళప్పుడు తన దుప్పటి తను ఉతుక్కుంది. పెరట్లో తాడుమీద వేస్తుంటే వీధివైపు గోడ అవతల దగ్గు వినిపించింది. మేనమామ పాండెలీస్. కాఫీకొట్టుకి వెళ్తూ దారి మళ్ళి వచ్చాడు.

"పని పోయిందటగా."

"పోయింది మావయ్యా. నీకు కబురు నాకంటే ముందే అందినట్టుంది."

"అందుతుంది మరి. మీ అమ్మకీ ఇదే రోగం. ఇచ్చింది పుచ్చుకుని నోరు మూసుకుందా అంటే మూసుకోదు. రాళ్ళు పట్టుకుని ఏం చేస్తావే నువ్వు?"

"రాళ్ళేగా. నువ్వెందుకు అమ్ముకున్నావు?"

"మగవాడికి ఖర్చులుంటాయి."

"ఉంటాయి. నీ ద్రాక్షతోట తాగేశావు, మా అమ్మ రాళ్ళు కూడా తాగావు. నీ పొట్టే గొప్పది."

అతను జవాబు చెప్పడానికి నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. అతని చూపు ఆమె భుజంమీదుగా సముద్రంవైపు ఉంది. అనెజీనా తిరిగి చూసింది.

స్కాఫీ వస్తోంది.

తొందరేమీ లేదు. గడ్డిమోపులు వేసుకున్న బండి ఎంత నింపాదిగా వస్తుందో అంత నింపాదిగా. గొలుసులు తెగలేదు. తాడు తెంపుకోలేని మేక గుంజనే పెకలించుకుని వచ్చినట్టు పన్నెండు లంగర్లనీ వెంటేసుకుని వస్తోంది. ఈతతొట్టిలో నీళ్ళు ఒకవైపుకి ఒరిగి కారుతున్నాయి. దానిపక్కన పరుపుకుర్చీలో పడుకున్న ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూస్తోంది. వంటింటి గుమ్మంలో రీనియో గరిటె ఊపుతోంది.

అనెజీనా తడిచేతులు పావడాకి తుడుచుకోవడం మరిచిపోయింది. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. రోజూ తనే వెళ్తుంటే అదెందుకు వస్తుంది. తెలివైన మేనేజరు పన్నెండు గొలుసులు ఉంచుకుని, దాన్ని నిజంగా కట్టిపడేసిన ఒక్క మనిషినీ పంపేశాడు.

చిన్న చప్పుడుతో స్కాఫీ పెరటిగోడకి ఆనింది. గోడమీద పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, దీవిమీదికి దిగి వెళ్ళిపోయింది.

సర్వేకి వచ్చిన అమ్మాయి పేరు ఇయాన్తి. కొలతసామాను వేసుకుని రేవులో కంపెనీ పడవకోసం నిలబడింది. రేవు గుమాస్తా తన పుస్తకంలో 'స్కాఫీ ఊళ్ళోనే ఉంది' అని రాసుకుని, పడవెందుకమ్మా, సందులోంచి నడిచిపో అన్నాడు. ఆమె నడిచి వచ్చి అనెజీనా పెరట్లో మూడుకాళ్ళ బల్ల నిలబెట్టింది. పని ముగిసేసరికి ఫిలిప్పాస్ గోడ దిగి వచ్చాడు. బూట్లనిండా నాచు.

"ఇవాళ్టి కొలత చెల్లదు. దీవి తన స్థానంలో లేదు" అన్నాడు. గొంతు మొదటిసారి పెరిగింది.

"దాని స్థానం ఏది సార్?" అంది ఇయాన్తి, కాగితాలనుంచి తల ఎత్తకుండా.

"కంపెనీ పత్రంలో ఉంది. నాలుగువైపులా సముద్రం."

"అక్కడ ఇప్పుడు ఉత్త నీళ్ళే ఉన్నాయి. ఆ నీళ్ళు మీ పేర రాయమంటారా?"

"ఇది రేపో ఎల్లుండో వెనక్కి పోతుంది."

"పోవచ్చు. కొలిచే రోజు ఎక్కడుందో అదే లెక్క. ఈ వాక్యం మీ లాయరు రాసిందే, ఫైల్లో ఉంది. చదవమంటారా?"

పాండెలీస్ ఇంకా వీధిగోడపక్కనే ఉన్నాడు. "అమ్మాయీ, ఆ పాతకాగితం ఎవరో పురిటిమంచం దగ్గర రాసిన ముచ్చట" అన్నాడు.

"ఉత్తరాన పెరటిగోడ, సరిపోయింది" అంది ఇయాన్తి. "మూడువైపులా సముద్రం, సరిపోయింది. బావి, రెండు అంజూరచెట్లు, అన్నీ సరిపోయాయి. కట్టిన భవనాలు ఇందులో లేవు. అవి ఎవరి నేలమీద కట్టారో కట్టినవాళ్ళు తేల్చుకోవాలి." తర్వాత అనెజీనావైపు కాగితం తిప్పింది. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

అనెజీనా కలం తీసుకుంది. ఒక్కో అక్షరం విడివిడిగా, మెలికలు లేకుండా రాసింది. కింద ఖాళీ మిగిలితే అమ్మకోసం ఓ శిలువగుర్తు గీసింది. అదేమిటని ఇయాన్తి అడగలేదు.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి రొట్టె, గుప్పెడు ఆలివ్‌పళ్ళు తెచ్చుకుంది. గోడ దాటి, అలవాటైన రాళ్ళమీదుగా వెళ్ళి గుడిమెట్టుమీద కూర్చుంది. పరుపుకుర్చీలో ఆవిడ తువ్వాలు బిగించుకుని లేచింది.

"ఇది ప్రైవేటు స్థలం. ఎవరు నువ్వు?" అంది వచ్చీరాని భాషలో.

"ఇంటావిడని" అంది అనెజీనా. "నిన్న తిండి మధ్యలో లేవాల్సొచ్చింది."

రొట్టె తుంచి తినడం మొదలుపెట్టింది. నిన్నటి గింజలు ఇంకా పావడాజేబులోనే ఉన్నాయి. ముందు వాటిని తీసి మెట్టుమీద వరసగా పేర్చింది. ఇవాళ్టివి మాత్రం ఒక్కొక్కటే, ఎంత దూరం పడుతుందో చూసుకుంటూ, సముద్రంలోకి ఉమ్మింది.