ఎర్ర గీత, నల్ల గీత

"కూరగాయల కత్తి మళ్ళీ మొద్దుబారిందమ్మాయ్. ఉల్లిపాయ కూడా తెగట్లేదు," అన్నారు అత్తయ్య వంటింట్లోంచి.

మొద్దుబారదూ మరి. నెల రోజులుగా దాంతో నేను ఇంకో కత్తి చెక్కుతున్నాను. లోపల ప్లాస్టిక్ గొట్టం, పైన వ్యాయామానికి పరుచుకునే ఫోమ్ చాప, దాని మీద వెండి రంగు. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. దాంతో వెన్న కూడా కొయ్యలేం, కానీ దాని పుణ్యమా అని ఇంట్లో ఉన్న అసలు కత్తి అరిగిపోయింది.

కత్తి మా ఆయనది. అంటే, పట్టుకునేది ఆయన. ఊళ్ళో ఏటా యోధుల వేషాల పోటీ జరుగుతుంది. ఏ దేశం యోధులూ కారు, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఊహించుకున్న యోధులు. నియమం ఒక్కటే. ఎవరి వేషం వాళ్ళే తయారుచేసుకోవాలి, వేదిక మీద అడిగితే ఎలా చేశారో చెప్పాలి. పోయినేడాది నేను శిరస్త్రాణం చేస్తే ఆయన పెట్టుకెళ్ళి, స్వయంగా చేసినందుకు ప్రశంసాపత్రం తెచ్చుకున్నారు. అది టీవీ పైన గోడకి వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా ఆవిడ కూడా కాస్త సాయం చేసింది లెండి," అంటారు. ఆ 'కాస్త' వినపడ్డప్పుడల్లా నా చేతిలో టీ కప్పులు ఒకదానికొకటి తగులుతాయి. ఎవరూ అటు చూడరు.

ఈసారి ఒంటినిండా కవచం కావాలన్నారు. నేను బట్టల దుకాణంలో కొలతలు తీసి, పొడుగులు తగ్గించి, నడుములు వదులు చేసే మనిషిని. అక్కడ నన్ను టేపమ్మ అంటారు. మెడలో టేపుతోనే ఇంటికొచ్చేసిన రోజులు చాలా ఉన్నాయి. కవచానికి చొక్కా కొలత చాలదు. ఒంటికి పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద ప్యాకింగ్ టేపు అతికించి, గీతలు గీసి, కత్తిరించి విప్పితే అచ్చు వస్తుంది. దానికి మనిషి నిలబడాలి. పది నిమిషాలు చాలు. మూడు ఆదివారాలు అడిగాను. మొదటిసారి మ్యాచ్ చూస్తున్నానన్నారు, రెండోసారి ఫోన్లో ఉన్నానన్నారు. మూడోసారి, "ఇన్నేళ్ళు కాపురం చేశావు, చూసి చెప్పలేవా?" అన్నారు.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం ప్లాస్టిక్ నాకే చుట్టుకున్నాను. నా ఒంటి మీద అచ్చు తీసి, ఆయనకి తగ్గట్టు పెంచుదామని. ముందు భాగమంతా అయింది గానీ వీపు అందలేదు. గది మధ్యలో అలా తంటాలు పడుతుంటే అత్తయ్య వచ్చారు.

"ఏం ప్యాక్ చేస్తున్నావు?"

"నన్నే, అత్తయ్యా. వెనక టేపు వెయ్యరూ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, మెడ దగ్గర్నుంచి నడుము దాకా ఒక్కో ముక్కా అరచేత్తో అదుముతూ అతికించారు. "ఊపిరి పీల్చుకో, లేకపోతే బిగుసుకుంటుంది," అన్నారు. తర్వాత కాసేపటికి, "నా బట్టలన్నీ మా అక్క కొలతకే కుట్టేవారు," అన్నారు.

అచ్చుని కాగితం మీద పరిచి, నా ఒంటి చుట్టూ నల్ల గీత గీశాను. దానికి బయటగా, ఆయన కోసం పెంచి, ఎర్ర గీత గీశాను. ఇక అప్పట్నుంచి నాకు కుదురు లేదు. దుకాణంలో ఎవరి ప్యాంటుకో పిన్నులు పెడుతూ కవచం భుజాల వంపు గురించి ఆలోచించేదాన్ని. ఇంటికొస్తే చెప్పులు విప్పగానే చాప ముందు కూర్చునేదాన్ని. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడి చేస్తే ఫోమ్ మెత్తబడి ఎటు వంచితే అటు వంగుతుంది, చల్లారాక ఇక మాట మార్చదు. అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. దేనికి ఇంత ఆరాటం అని నన్ను నేనే కసురుకున్నాను, అయినా లేవలేదు.

పోటీకి రెండు రోజుల ముందు, నేను గిన్నెలు తోముతుంటే ఆయన పక్కన నిలబడి పాఠం అప్పజెప్పారు.

"నేను ముందు ఫోమ్ వేడి చేశాను. తర్వాత?"

"వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి."

"పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నాను?"

"రెండు నిమిషాలు. జిగురు మాత్రం రెండువైపులా రాసి ఆరనివ్వాలి. నేను మొదటిసారి తడి మీదే అంటించాను, ఊడొచ్చింది."

"అది కూడా చెప్తాను. నిజంగా చేసినవాడు చెప్పినట్టుంటుంది."

చివరికి నా పొరపాటు కూడా ఆయనదైపోయింది. గిన్నె మాడు వదిలినా తోముతూనే ఉన్నాను.

పోటీ రోజు పొద్దున మొదటిసారి తొడుక్కున్నారు. వీపు మీద రెండు అంచులూ కలవలేదు. మధ్యలో బెత్తెడు ఎడం.

"పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ తీస్తున్నావు. మొగుడి కొలత తెలీదా?"

బీరువా వెనక నుంచి కాగితాలు తీసి చూశాను. ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది. నేను కోసింది నల్ల గీత మీద. ఒక ముక్క కాదు, ఆరు ముక్కలూ. రంగు ఆరాక అద్దం ముందు రెండుసార్లు ఒంటికి పెట్టుకుని కూడా చూశాను, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. నాకు కుదిరింది ఆయనకి కుదరదని తట్టలేదంటే ఎవరు నమ్ముతారు? కావాలని చెయ్యలేదు. కానీ చెయ్యి ఒకసారి పొరబడుతుంది, ఆరుసార్లు పొరబడదు.

"సరే, వెనక ఒక పట్టీ వేసెయ్. అరగంట పనేగా," అన్నారాయన, కవచం విప్పి నా చేతికిస్తూ.

అరగంట కూడా పట్టదు. మిగిలిన ఫోమ్ సంచిలోనే ఉంది, రంగు డబ్బాలో ఇంకా రంగుంది. అలవాటు కొద్దీ నా చెయ్యి కత్తెర దాకా వెళ్ళింది. తీశాను. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

కవచం నేను తొడుక్కున్నాను.

"అత్తయ్యా, వెనక బకిల్స్ పెట్టరూ."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కొడుకు వైపు చూడలేదు. "ఊపిరి పీల్చుకో," అన్నారు నా వెనక నుంచి. ఒక్కో బకిలూ టక్కుమని పడింది.

"వేళాకోళమా? పేరు నాది ఇచ్చాను. పదింటికి వేదిక ఎక్కాలి. అది ఎలా చేశారు, ఇది ఎలా చేశారు అని అడుగుతారక్కడ," అన్నారాయన.

గోడకి ఆనించిన కత్తి తీసుకున్నాను.

"పేరు అక్కడ మార్పిస్తాను," అన్నాను. "అడిగినవన్నీ చెప్తాను. నాకు బట్టీ పట్టక్కర్లేదు."