గడ్డి కింది గడపలు

ఆ పొద్దు సముద్రపు ఒడ్డున కల్బా ఊరి మీద ఆకాశం కుడితినీళ్ళ రంగులో ఉంది. సూర్యుడు పొడిచాడో లేదో తెలియలేదు. సముద్రం మీంచి లేచిన ఆవిరి వెనకాల కొండలకు తగిలి ఆగిపోయి, ఎటూ పోలేక, హోటల్ కడుతున్న సైటు మీదే కూర్చుంది. ఆశన్న పైకి చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా దుబాయ్ దేశంలో సెంట్రింగ్ పని చేస్తున్నవాడు. ఎండ కనబడితే మనిషి జాగ్రత్తపడతాడు, ఇలాంటి రోజు కనబడకుండా కాలుస్తుందని అతనికి తెలుసు.

"అన్నా, ఇయ్యాల మొగులు మంచిగ లేదే," అన్నాడు లచ్చన్న తలకు తువ్వాల చుట్టుకుంటూ. ఇద్దరిదీ జగిత్యాల దిక్కు ఒకే ఊరు.

అది జూలై నెల. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ కాగితం గేటు దగ్గర నాలుగు భాషల్లో అంటించి ఉంది. పన్నెండున్నరకు ఫోర్మన్ విజిల్ ఊదాడు, అందరూ ఆగినట్టు రిజిస్టర్లో రాసుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది మందిని పక్కకు తీశాడు.

"మీరు గుంతలోకి. అక్కడ నీడే కదా! యల్లా, యల్లా!"

నీడ లేదు. బేస్‌మెంట్ కోసం తవ్విన గుంత అది. దాని నోరు ఆకాశానికి తెరిచే ఉంది, గాలి మాత్రం లోపలికి దిగదు. రెండు గంటలకు లచ్చన్న చేతిలో సుత్తె జారింది. ఆ వెంటనే లచ్చన్న జారాడు.

"రూముకు తీసుకుపోండి! ఏసీలో పడుకోబెట్టండి!" అని పైనుంచి ఫోర్మన్ అరిచాడు. ఆ మాట అందరికీ మంచిదే అనిపించింది. ప్లైవుడ్ పలక మీద పడుకోబెట్టి ఎనిమిది మందీ మోశారు. పనివాళ్ళ గదులున్న క్యాంపు సైటు వెనకాలే. మంచం మీదికి చేర్చేసరికి ఊపిరి లేదు.

అప్పుడు ఆశన్న ఒక పని చేశాడు. బకెట్‌తో నీళ్ళు తెచ్చి లచ్చన్న కాళ్ళు కడిగాడు. వేళ్ళ సందుల్లో మట్టి, గోళ్ళలో సిమెంటు, మెడ మీద ఎండిన ఉప్పు అంతా తుడిచాడు. గుంత మట్టి పట్టిన అంగీ విప్పి ఉతికిన అంగీ తొడిగాడు. మట్టికాళ్ళతో మనిషిని సాగనంపరు వాళ్ళ ఊళ్ళో. ఫోర్మన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. వద్దనలేదు. పైగా రెండో బకెట్ తానే మోసుకొచ్చి పెట్టాడు.

ఆ రెండో బకెట్ వైపు ఆశన్న ఒకసారి చూశాడు. ఫోర్మన్ బకెట్ మోయడం ఇంతవరకూ అతను చూడలేదు. కాని చేతులు ఆగలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేసింది ఆ తర్వాతే.

మూడోనాడు కాగితం వచ్చింది. తెచ్చింది సైఫ్. నెల్లూరు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, క్యాంపు ఆఫీసులో గుమాస్తా. ఇంగ్లీషు తెలిసినవాడు కాబట్టి కంపెనీకి నోరు, అందుకే గదుల్లో వాళ్ళకు అతని మీద నమ్మకం తక్కువ. లచ్చన్న మధ్యాహ్నం విరామ వేళ తన గదిలో నిద్రలో చనిపోయాడు, మేం కళ్ళారా చూశాం అని రాసి ఉంది. కింద సంతకాలకు ఎనిమిది గీతలు.

"నిద్రలనా?" దయాకర్ లేచాడు. డిగ్రీ చదివి, ఊళ్ళో పని లేక వచ్చి రాడ్లు కడుతున్నవాడు. "సుత్తె వట్టుకొని నిద్రవోయిండా సైఫన్నా? ఎవల్రాసిండ్రు ఇది?"

"నేను రాయలేదబ్బా. ముదీర్ ఇచ్చినాడు," అన్నాడు సైఫ్. మేనేజరును అక్కడ అందరూ ముదీర్ అనే అంటారు. "సంతకాలు పడితే పెట్టె ఈ వారమే ఇంటికి పోద్దంట. లేదంటే విచారణలు, కాగితాలు. శవం ఎన్నాళ్ళు ఐసులో ఉంటదో చెప్పలేమన్నాడు."

మెస్సులో వండే హయాత్ బాషా, కడప మనిషి, గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పన్నెండుకు నా చేతి అన్నం తిని గుంతలోకి పాయ గదప్పా వాడు! మంచమెక్కేదానికి యాడుంది టైము?"

"మల్ల మన్నేది?" అన్నాడు ఆశన్న. ఆ మూడు రోజుల్లో అతను మాట్లాడిన మొదటి మాట అది. "కాళ్ళకు మన్నుంటే గుంతల వడ్డడని తెలుస్తుండె. గా మన్ను నేనే కడిగిన."

ఎవరూ పెన్ను తీయలేదు. కాగితం మంచం మీద అలాగే ఉంది.

ఆ వారం క్యాంపులో వింతలు మొదలయ్యాయి. రెండేళ్ళుగా పాడైన కూలర్లో చల్లని నీళ్ళు వచ్చాయి. మరుగుదొడ్ల తలుపులకు గొళ్ళేలు వచ్చాయి. ప్రతి మంచానికీ కొత్త దుప్పటి. బంగ్లాదేశ్ గది వాళ్ళు సంబరపడ్డారు. ఆశన్న మాత్రం కొత్త గొళ్ళేన్ని రెండుసార్లు లాగి చూసి, "ఎవడో వస్తున్నడు," అన్నాడు.

ఆదివారం సెలవునాడు సైఫ్ నున్నటి పుస్తకాలు పంచాడు. కంపెనీ ఛైర్మన్ వస్తున్నాడట, అది ఆయన జీవితమట. మెస్సు బల్ల చుట్టూ గుమిగూడారు. సైఫ్ ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పాడు.

సర్ అలస్డేర్ మక్‌ఫారిక్. స్కాట్లాండ్ కొండల్లో ఒక తెగకు ఇరవై నాలుగో పెద్ద.

"తెగ పెద్దంటే?"

"ఖబీలా సర్దార్ అనుకో. ఆ ఇంటిపేరు ఉన్నోళ్ళంతా ఈయన బిడ్డల మాదిరి."

కోటలో పుట్టాడు. పన్నెండో ఏట తండ్రి పోతే, కోట గుమ్మంలో నిలబడి జనం చేత దండాలు పెట్టించుకున్నాడు. పెద్దయ్యాక లండన్ పార్లమెంటుకు నాలుగుసార్లు గెలిచాడు. "ఓట్లడగడానికి నేను వెళ్ళలేదు, నా కుటుంబాన్ని పలకరించడానికి వెళ్ళాను" అన్నది ఆయన మాటే. ఐదోసారి ఓడిపోయాడు. అప్పుడు ఈ కంపెనీకి ఛైర్మనయ్యాడు. ఏటా కోట ముందు సభ పెడతాడు. కెనడా నుంచి, ఆస్ట్రేలియా నుంచి తెగ మనుషులు వచ్చి ఆయన్ను చూసి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆయన తన చేత్తో ఒక్కొక్కరి భుజాన తెగ గళ్ళ శాలువా కప్పుతాడు.

"మా ఊరి దొర గూడ గిట్లనే," అన్నాడు ఆశన్న. "గడీల ఉన్నన్నినాళ్ళు దొర. గడీ పోయినంక ఎలచ్చన్ల నిలవడ్డడు, మీరంత నా పిల్లలన్నడు. దసరానాడు భుజమ్మీద తువ్వాల ఏస్తుండె. తువ్వాల వడ్డోడు ఏడాదంత ఎప్పుడు పిలిస్తె అప్పుడు ఉరకాలె, ఎదురు మాట్లాడద్దు. మా తాత మీద ఒక్కసారి వడ్డది. సచ్చేదాక దించలే."

"కెనడాల ఎందుకున్నరు వాళ్ళు?" అన్నాడు దయాకర్ హఠాత్తుగా. "పెద్ద గీడుంటె బిడ్డలు గాడెందుకున్నరు?"

సైఫ్ పేజీలు తిరగేశాడు. "అది రాయలేదు."

ఒక పేజీ నిండా ఫోటో ఉంది. పచ్చటి లోయ, దూరంగా కోట, లోయంతా గొర్రెలు. ఆశన్న పుస్తకం తీసుకుని వెలుతురు దగ్గరకు పోయాడు. చాలాసేపు చూశాడు. గొర్రెలను కాదు, వాటి కాళ్ళ కింద నేలను.

"ఇవి బండలు గావు," అన్నాడు. "ఇటు రాండ్రి. గడ్డిల నలుపలకలుగ లేచిన గీతలు కనవడ్తున్నయా? పునాదులు. ఇది ఇల్లు. ఇగో, ఈడ తెగింది, ఇది గడప. దాని పక్కపొంటి ఇంకోటి. అద్గో, వరుస." వేలుతో లెక్కపెట్టాడు. పదిహేడు. "ఇది ఊరురా. దీని మీద గొర్లు మేస్తున్నయ్."

అందరూ బల్ల వదిలి అతని చుట్టూ చేరారు. పునాదులు పోయడమే బతుకైనవాళ్ళు వాళ్ళంతా. ఒకసారి చూపిస్తే చాలు, అందరికీ కనబడ్డాయి. పెషావర్ మేస్త్రీ ఒకడు వంగి చూసి, "సహీ బాత్ హై," అని గడ్డం నిమురుకున్నాడు.

"ఈ గడపలల్ల ఉన్నోళ్ళే కెనడాల ఏడుస్తున్నరన్నట్టు," అన్నాడు దయాకర్ మెల్లగా. "ఎల్లగొట్టిండ్రు. గొర్లు దెచ్చిండ్రు. మల్ల శాలువా కప్పుతున్నరు."

సైఫ్ పుస్తకం మూశాడు. అతని ముఖం చూసి ఆశన్న ఏమీ తేల్చుకోలేకపోయాడు. ఈ మాటలు ముదీర్‌కు చేరతాయా? చేరనీ.

సాయంత్రం ఆశన్న ఊరికి ఫోన్ చేశాడు. లచ్చన్న పోయిన కబురు ముందే చేరిన అతని భార్య కొమురవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాడు. గుంత, పలక, రెండు బకెట్లు, కాగితం, ఐసు. చెప్పి ఆగాడు.

అటునుంచి కొమురవ్వ ఒక్కటే అడిగింది.

"బావా, ఆయినె పగటిపూట ఎన్నడన్న పండుకున్నడా?"

"లేదమ్మా."

"కాళ్ళు కడిగినవు, మంచి జేసినవు. నీ తమ్ముడసొంటోడు. గని నేను చూడాలనుకునేది పండుకున్నోన్ని గాదు. ఎన్నిదినాలన్న ఎదురుచూస్త. పనిల సచ్చినోన్ని పనిల సచ్చిండని రాసి పంపుండ్రి."

ఫోన్ పెట్టేశాక ఆశన్న ఏడుగురికీ ఆ మాటలు వరుసగా చెప్పాడు. తనవి ఒక్కటీ కలపలేదు.

ఛైర్మన్ బుధవారం వచ్చాడు. క్యాంపు ముంగిట షామియానా, ఫ్యాన్లు, కెమెరాలు. నాలుగు వందల మంది నిలబడ్డారు. ఛైర్మన్‌కు నెరిసిన జుట్టు, మెత్తని నవ్వు, మోకాళ్ళ దాకా గళ్ళ పావడా.

"లంగ గట్టిండేందిర?" అన్నారెవరో.

"గాలాడతాది లేప్పా," అన్నాడు హయాత్ బాషా. "మనకూ తలా ఒకటిచ్చుంటే గుంతలో ఉక్కపోసుండేది గాదు."

నవ్వు వెనక వరుసల దాకా పాకింది. ముదీర్ కళ్ళెర్రజేశాడు.

ఛైర్మన్ మాట్లాడాడు. సైఫ్ తెలుగులో, హిందీలో చెప్పాడు. లచ్చన్న పోయినందుకు గుండె బరువెక్కిందట. ఇరవై ఏళ్ళు పార్లమెంటులో పనివాళ్ళ కోసం గొంతెత్తాడట. ఈరోజు నుంచి మీరంతా నా తెగ, నేను మీ పెద్దను అన్నాడు. బల్ల మీద గళ్ళ శాలువాలు దొంతరగా ఉన్నాయి. వాటి పక్కన ఎనిమిది గీతల కాగితం, పెన్ను. శాలువా కప్పించుకోవడం, సంతకం పెట్టడం, ఫోటో. ముందు పిలిచింది ఆశన్ననే.

ఆశన్న నడిచాడు. శాలువా పట్టుకున్న చేతులు ముందుకొచ్చాయి. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. చంకలోంచి పుస్తకం తీసి, ఫోటో పేజీ తెరిచి, శాలువాల మీదే పెట్టాడు.

"సైఫూ, అడుగు. ఈ పదిహేడు ఇండ్లల్ల ఉన్నోళ్ళు ఎటువోయిండ్రు?"

ముదీర్ సైఫ్ చెవిలో గట్టిగానే అన్నాడు: "థ్యాంక్స్ చెబుతున్నాడని చెప్పు. ఖలాస్."

సైఫ్ పెదవులు తడుపుకున్నాడు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అన్నాడు. ఆశన్నకు ఇంగ్లీషు రాదు. ఛైర్మన్ ముఖం చూశాడు. ఆ మెత్తని నవ్వు కళ్ళ దగ్గర మొదట ఆగిపోయి, తర్వాత పెదాల దగ్గర ఆగింది. సైఫ్ సరిగ్గానే అడిగాడు.

"పాత సంగతులంట," అన్నాడు సైఫ్ ముదీర్ వైపు చూడకుండా. "మంచి బతుకు కోసం సముద్రం దాటి పోయినారంట. మీలాగే."

"అవు, మాలెక్కనే," అన్నాడు ఆశన్న. గుంపు వైపు తిరిగాడు. "లచ్చన్న నిద్రల పోలే. రెండు గంటలకు గుంతల వడ్డడు. నేను మోసిన. మన్ను కడిగింది గూడ నేనే, తప్పు నాదే. గది గూడ రాసుకోండ్రి."

"నేను మోసిన," అన్నాడు దయాకర్.

"నేను మోసిన." "నేను గూడ." ఎనిమిది గొంతులయ్యాయి. తొమ్మిదోది హయాత్ బాషాది: "వాడికి ఆఖరి కూడు పెట్టినోణ్ణి నేను. పన్నెండుకు బాగుండాడు." తర్వాత బంగ్లా గది వాళ్ళు, బీహారు వాళ్ళు, పెషావర్ మేస్త్రీ ఎవరి భాషలో వాళ్ళు అన్నారు. మోయనివాళ్ళు కూడా మోశామన్నారు. ఎవరూ అరవలేదు. సైఫ్ ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మారుస్తూనే ఉన్నాడు. ముదీర్ మోచేయి పట్టుకు లాగినా ఆపలేదు.

"ఛైర్మన్ విచారిస్తానంటున్నాడు," అన్నాడు సైఫ్ చివరికి.

"అడిగేటందుకు ఎనమండ్లం ఈడనే ఉన్నం. ఇప్పుడే అడగమను," అన్నాడు ఆశన్న.

ఛైర్మన్ ముదీర్ వైపు చూశాడు, ముదీర్ కారు వైపు చూశాడు. ఛైర్మన్ కారెక్కి పోయాక శాలువాల దొంతర ఎవరి భుజానా పడకుండా అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే ఎనిమిది మంది తమ సాక్ష్యం తామే రాశారు. తెలుగులో దయాకర్ రాశాడు, ఇంగ్లీషులో సైఫ్ రాశాడు. గుంత అని, రెండు గంటలని, రెండు బకెట్లని. సంతకం పెట్టలేని ఇద్దరు వేలిముద్ర వేశారు. తన పేరు కూడా పెట్టమని సైఫ్ అంటే దయాకర్ అతన్ని తేరిపార చూసి, పెన్ను అందించాడు. ఆ కాగితాలు ఫోన్లో ఫోటో తీసి లేబర్ ఆఫీసుకు పంపారు, ఊళ్ళో కొమురవ్వకు పంపారు.

తెల్లవారేసరికి ఇద్దరికి నోటీసు వచ్చింది. ఆశన్నకు, సైఫ్‌కు వీసా రద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎయిర్‌పోర్టుకు కారు గేటు దగ్గరుంటుందని.

ఆశన్న సంచి సర్దుకుని కూర్చోలేదు. మిగిలినవాళ్ళతో సైటుకు పోయాడు. పన్నెండున్నరకు ఫోర్మన్ విజిల్ ఊదాడు, రిజిస్టర్ మూశాడు, తొమ్మిది మందికి వేలు చూపించాడు.

"గుంతలోకి. యల్లా!"

తొమ్మిది మందీ అటు పోలేదు. ముదీర్ క్యాబిన్ గోడ పొడవునా చూరు కింద కాస్తంత నీడ ఉంది, అక్కడికి పోయి కింద కూర్చున్నారు. స్లాబు మీదనుంచి ఇంకొందరు దిగివచ్చారు. క్రేన్ దగ్గరివాళ్ళు, రాడ్డు పనివాళ్ళు వచ్చారు. నీడ చాలకపోతే మోకాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు, పట్టనివాళ్ళు స్లాబు నీడలో కూర్చున్నారు. నాలుగు వందల మంది. నినాదం లేదు. నినాదం ఇస్తే సమ్మె అంటారు, సమ్మె ఇక్కడ నేరం. అన్నం వేళకు అన్నం తినడానికి ఏ పేరు పెడతారు?

హయాత్ బాషా తోపుడు బండి మీద డేక్సా తోసుకొచ్చాడు. అన్నం, పప్పు, ఉల్లిగడ్డ. ముందు ఒక పళ్ళెంలో వడ్డించి గుంత అంచున పెట్టి వచ్చాడు. తర్వాత వరుసగా వడ్డించాడు. సైఫ్ ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే, దయాకర్ జరిగి నేల తట్టాడు.

ముదీర్ క్యాబిన్‌లోంచి బయటికి వచ్చి అరిచాడు. పేర్లు పిలిచాడు. ఫోటోలు తీశాడు. గేటు దగ్గర కారు రెండుసార్లు హారన్ కొట్టింది. ఒక్క తల లేవలేదు. నమలడం, పళ్ళేలకు వేళ్ళు తగలడం తప్ప చప్పుడు లేదు. ఆశన్న ముద్ద కలిపి, సైఫ్ పళ్ళెం వైపు ఉల్లిగడ్డ జరిపాడు.

మూడు కావడానికి ఇంకా రెండు గంటలు ఉన్నాయి. డేక్సాలో అన్నం చాలానే ఉంది.