నీలం చీటీ సీసా

మార్చి పదకొండు. ఆ పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డు వొలిచి ఉప్పు చల్లి పెట్టింది మా అమ్మాయి. వాళ్లమ్మ పోయిన ఐదు నెలలనుంచీ నా పళ్లెం సంగతి తనే చూస్తోంది.

ఆ రోజు ఆఫీసులో కవరు విప్పుతారు.

ఇళ్లలో వాడే సబ్బులూ పళ్లపొడులూ చెప్పినంత పనిచేస్తాయో లేదో తేల్చడం మా ఉద్యోగం. ఆ ఏడాది చేతులకు రాసుకునే జెల్ వంతు. మూడు వందల ఇళ్లకి సీసాలు పంచాం. సగం ఇళ్లకి ఎరుపు చీటీవి, సగం ఇళ్లకి నీలం చీటీవి. ఒకదాంట్లో క్రిముల్ని చంపే మందు ఉంటుంది. రెండోది అదే రంగు, అదే వాసన, ఉత్త జెల్. ఏది ఏదో మాకెవరికీ తెలియకుండా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి సీలు వేసి, బీరువాలో దాస్తారు. "ముందు సబ్బుతో కడుక్కోండి, ఆ తర్వాతే ఇది" అని ఇంటింటికీ చెప్పి వచ్చింది నేనే. వాళ్లు జ్వరాలూ దగ్గులూ రాసి పంపే కాగితాలు చదివేదీ నేనే.

చదవగా చదవగా నాకో నమ్మకం కుదిరింది. నీలం ఇళ్లలో జ్వరాలు తక్కువ. కొత్తగా చేరినవాళ్లకి "ఊహించకండి నాయనా, కాగితం పూర్తయ్యేదాకా ఆగండి" అని పాఠాలు చెప్పే పెద్దమనిషిని మరి.

అప్పుడు మా ఆవిడకి క్యాన్సర్ మందులు ఎక్కిస్తున్నారు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి లేదని, దగ్గరికొచ్చేవాళ్ల చేతులు శుభ్రంగా ఉండాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఊరు మారుతూ ఒక కుటుంబం తిరిగిచ్చిన నీలం సీసాలు ఆరు, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అప్పటికే మా అమ్మాయి చేతులు సబ్బుకి పగిలి నెత్తురోడుతున్నాయి.

"ఇక సబ్బు మానెయ్యి తల్లీ. ఇదొక్కటి చాలు," అన్నాను.

మంచం మీంచి మా ఆవిడ నవ్వింది. "ఏమండీ, దొంగ సరుకా? పోనీలెండి, ఇన్నేళ్లకి ఆఫీసునుంచి నాకంటూ ఏదో తెచ్చారు!"

ఆ సీసాలు తెచ్చిన ఏడో వారంలో ఆవిడకి జ్వరం తగిలింది. నాలుగు రోజులు. అంతే.

కవరు విప్పింది మా లెక్కల మేడం. కళ్లజోడు సర్దుకుని చదివింది. "ఎరుపు మందుది. నీలం ఉత్తది."

"అదెలా? నీలం ఇళ్లలోనే కదా జ్వరాలు తక్కువ?"

"తక్కువ రాలేదు గురువుగారూ, తక్కువ రాశారు. సగం కాగితాలు ఖాళీ. రాయకపోవడమే ఆరోగ్యమైతే మన ఆఫీసుకి తాళం వేసుకోవచ్చు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడం ఒక్కతే నా మొహం చూసి, తన మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మాయి అడిగింది. "తేలిందా నాన్నా? మనది మందుదే కదా?"

నేను వంగి చెప్పులు విప్పాను.

"నాకు తెలుసులే. ఆ రోజు బస్సు దిగి, చేతులకి రాసుకోకుండానే అమ్మకి నీళ్లు పట్టాను. ఒక్కసారే నాన్నా. ఆ ఒక్కసారే..."

ఐదు నెలలుగా ఇదే మాట. మందుదే అంటే నేను తప్పించుకుంటాను. పిల్ల మాత్రం బతికినన్నాళ్లూ ఆ బస్సు దిగుతూనే ఉంటుంది.

"ఉత్తది తల్లీ," అన్నాను. "నువ్వు రాసుకున్నా, రాసుకోకపోయినా ఒకటే. సబ్బు మానిపించింది నేను."

అరచేతులు తిప్పి చూసుకుంది.

"నేనడిగాను. సబ్బు లేకపోతే ఫర్వాలేదా అని రెండుసార్లు అడిగాను."

"అడిగావు."

"నువ్వు నవ్వావు."

"నవ్వాను."

ఆ పూట తనకి అన్నం పెట్టుకోలేదు. నాకు పెట్టింది. పడుకునే ముందు రోజూలాగే నీళ్ల చెంబు తెచ్చి మంచం పక్కన పెట్టింది కానీ, "పడుకో నాన్నా" అనలేదు. దీపం తీసేసి గుమ్మం దాటింది. తలుపు విసిరికొడుతుందని కళ్లు మూసుకున్నాను. కొట్టినా నాకు తగినదే. చప్పుడు కానివ్వకుండా, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా మూసింది.