రాలని సంతకం

డాక్టరమ్మ రోజూ పొద్దున్నే పశువుల ఆఫీసుకొచ్చి కాగితాల మీద సంతకాలు పెడుతుంది. ఆ కాగితాలను ఒక్కొక్కటే ఎత్తి దులపడం అటెండరు పని. ఆవిడ సంతకం అబద్ధం మీద నిలవదు. సిరా ఆరగానే పొడిపొడిగా రాలిపోతుంది. బల్ల మీది ఆ పొడిని అటెండరు చిన్న బ్రష్షుతో చెత్తబుట్టలోకి తోసి, "ఇదీ పోయిందమ్మా" అని కాగితం వెనక్కి పంపేస్తాడు. ఎవరూ గొడవ పెట్టుకోరు. సంతకమే రాలిపోయాక ఇంకేం వాదిస్తారు?

ఆవిడ తమ్ముడికి కోళ్ల ఫారం ఉంది. పన్నెండేళ్లుగా దానికి సర్టిఫికెట్ ఇచ్చేది అక్కే. ఒక్క సంతకమూ రాల్లేదు. పన్నెండింటికీ ఫ్రేములు కట్టించి ఫారం గదిలో తగిలించుకున్నాడు, అదో గొప్ప!

ఈ ఏడు చట్టం మారింది. పాత చట్టంలో కోడికి ఒక కాగితమంత చోటు చాలు. ఇప్పుడు ఫారంలోని ప్రతి కోడీ రెండు రెక్కలూ చాచగలగాలి. లేకపోతే లైసెన్సు రద్దు.

"నువ్వే చూసుకో అక్కా" అంటూ తమ్ముడు షెడ్డంతా తిప్పాడు. ఐదేసి కోళ్లుండే బోనుల్లో ఒక్కొక్కటే ఉంది. ఆవిడ టేపుతో కొలిచి, "బంగారంలాంటి పని చేశావురా!" అని మురిసిపోతూ సంతకం పెట్టింది.

వెంట వచ్చిన అటెండరు దులిపాడు. మొత్తం రాలిపోయింది.

"మిగతావి ఎక్కడరా?"

తమ్ముడి చూపు షెడ్డు వెనకున్న మేత గది మీదికి పోయింది. ఆవిడ ఆ గది తలుపు తీసి, "అమ్మో!" అని గడప దగ్గరే నిలబడిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పేర్చిన బుట్టల్లో కోళ్లు, కుక్కి కుక్కి. అరుపు కూడా లేదు. ఒకదాన్ని తీసి నేల మీద పెట్టింది. అది కదల్లేదు. తనే వేళ్లతో రెక్క చాచి చూసింది. ఈకల్లేవు. తీగ రాసుకుని చర్మం కాయలు కాచింది. వదలగానే రెక్క ముడుచుకుపోయింది.

"ఇది ఒక్క పూటలో అయింది కాదురా..." అంది ఆవిడ.

"ఏటా కొలిచింది నువ్వే కదక్కా! చట్టం చెప్పినంత చోటూ ఇచ్చాను. నీ సంతకం ఒక్కటైనా రాలిందా?"

ఆవిడ గబగబా ఫ్రేములు దించి, కాగితాలు తీసి దులిపించింది. గోటితో గీకింది. ఊహూఁ. చట్టప్రకారం చోటుందని రాసింది, ఉంది మరి! తన సంతకం అబద్ధమాడదని ఇన్నేళ్లూ మురిసిన మనిషి ఆ పన్నెండింటినీ పక్కకు నెట్టేసింది.

లైసెన్సు రద్దు చేసే కాగితం తీసి నింపడం మొదలుపెట్టింది. "అక్కా, నా బతుకు రోడ్డున పడుతుందే!" అని తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని రాసింది. చివరి గడిలో ఒక ప్రశ్న ఉంది: ఈ కోళ్ల అవస్థ ఇంతకుముందు మీ కంట పడిందా?

"లేదు" అని రాసి సంతకం పెట్టింది.

దులపనక్కర్లేకపోయింది. సంతకం దానంతటదే ఆవిడ ఒళ్లోకి రాలింది.

అటెండరు బ్రష్షు తియ్యలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు తమ్ముడు. లైసెన్సు మాటే మర్చిపోయాడు. "తెలిసీ నాకు ఒక్క ముక్క చెప్పలేదా అక్కా?"

ఆవిడ "లేదు" కొట్టేసింది. "పడింది, పన్నెండుసార్లు" అని రాసి మళ్లీ సంతకం పెట్టింది.

అది పైకి వెళ్తే తన ఫారమూ అక్క ఉద్యోగమూ రెండూ పోతాయి. తమ్ముడు కాగితం లాక్కుని, రాలితే బావుండునని దులిపాడు. తిరగేసి మళ్లీ దులిపాడు. ఒక్క చుక్క కూడా రాల్లేదు.