కార్డు మీద నా ఆదాయం

నేను వంటింట్లో చేపలకు పొలుసు తీస్తుంటే, హాల్లో ఫోన్ చూస్తూ మా ఆయన నరేంద్రన్ ప్రకటించాడు, మనం మిడిల్ క్లాస్ అని. ఖరీదైన ఊళ్లలో ఎంత సంపాదిస్తే మధ్యతరగతో ఎవరో పట్టిక వేశారట. "మన ఇద్దరిదీ కలిపితే దాటేసినాం మే" అన్నాడు. ఇద్దరిదీ అట! ఆ మొత్తంలో సగానికి పైగా నాది. గోరిమేడులో పెద్దాసుపత్రి దగ్గర ఒక ల్యాబులో రోజంతా నిలబడి రక్తం తీస్తే వచ్చేది. ఇంటద్దె, పాప స్కూలు ఫీజు అందులోంచే పోతాయి. మామూలు రోజుల్లో మాత్రం నా జీతం మాటొస్తే "నీ సంబళం ఏంది, ఆటోకే సరిపోతాది" అంటాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ పట్టిక వేసినవాడు ఒక్కరోజు మా ఇంట్లో ఉండి చూడాలి. టూరిస్టులకు గదులిచ్చుకోవచ్చని ఓనర్లు ఏటా అద్దె పెంచే ఈ తమిళ ఊళ్లో మేం మధ్యతరగతిలా కనబడుతున్నామంటే, వంటమనిషికీ, పనిమనిషికీ, ట్యూషన్ టీచరుకీ, మోకాళ్లు పట్టేసిన అత్తగారిని చూసుకునే ఆయాకీ జీతాలివ్వక్కర్లేదు కనక. ఆ నలుగురూ నేనే. వాళ్లకు జీతాలిచ్చి చూస్తే మేం ఏ క్లాసో ఆయనకు తెలిసొస్తుంది. మా అత్తగారు అంబుజం మాత్రం, "ల్యాబు లేనప్పుడు ఇంట్లో ఊరికే ఉండేదానికి నీకు బాధేంది?" అంటుంది. ఊరికే ఉండటం నాకు తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది.

ఆయన అసలు దిగులు కార్డు గురించి. ఆయన బాహూరు పొలాల్లో కూలికెళ్లే రోజుల్లో పేదలకిచ్చే ఎర్ర రేషన్ కార్డు వచ్చింది. ఇప్పుడాయన సహకార సొసైటీలో దినవేతనం మీద గుమాస్తా. ఎర్ర కార్డు చూసి పక్క సీటు లోకనాథన్ నవ్వాడట. ఇక ఈయన, కాస్త ఉన్నవాళ్లకిచ్చే పసుపు కార్డు కావాల్సిందేనని పట్టు పట్టాడు. "కార్డు మారినాక ల్యాబు మానేసెయ్. మిడిల్ క్లాస్ ఇంటి ఆడది ఊళ్లోవాళ్ల రక్తం తీసేదానికి పోతే ఏం బాగుంటాది? అమ్మ దగ్గిర మనిషి ఉండల్ల గదా." అడగలేదు, చెప్పాడు. అయిదేళ్లు ఇంట్లోవాళ్లను బతిమాలి తెచ్చుకున్న ఉద్యోగం నాది.

మా ఊళ్లో కార్డు మీద కుటుంబ పెద్దగా ఆడవాళ్ల పేరే ఉంటుంది. అందుకని సంతకానికి రేషన్ కార్డుల ఆఫీసుకు నేనే వెళ్లాల్సి వచ్చింది. సోమవారం సగం రోజు సెలవు పెట్టి ఆయనతో వెళ్లాను. ఫారం ఆయనే నింపి పెట్టాడు. కౌంటర్లో ఉన్న తిలగం దాన్ని చూసి తమిళంలో అడిగింది, "కుటుంబ పెద్దకు పనేం లేదా?"

అప్పుడు చూశాను. నా పేరు పక్కన గృహిణి, ఆదాయం సున్నా.

"ఇంట్లోనే ఉంటాది మేడం" అన్నాడాయన. పెళ్లాం సంపాదన కాగితం మీద పడితే నామోషీ కదా.

"మరి ఈ ఒక్క ఆదాయానికి ఎర్ర కార్డే సరి. పసుపు కార్డెందుకు?" అని తిలగం ఫారం వెనక్కి తోసింది. వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు వంగి తెలుగులో గొణిగాడు, "నీది గూడా రాసెయ్ మే."

నేను పెన్ను తీసుకుని సున్నా కొట్టేశాను. ల్యాబ్ టెక్నీషియన్ అని రాశాను. నా జీతం రాశాను.

తిలగం రెండు అంకెలూ పోల్చి చూసింది. "ఇంట్లో ఎక్కువ సంపాదన మీదేనా అమ్మా?"

"నాదే. ఇకమీదట కూడా" అన్నాను. ఆ మాట ఆమెకు తమిళంలో చెప్పి, పక్కకు తిరిగి ఆయనకు తెలుగులో మళ్లీ చెప్పాను.