కారం గొంతు విన్న మైకు

నేను ఒక మైకుని. సభల్లో నాయకుల ఉమ్మి తుంపర్లు భరించే జాతి కాదు మాది. తలుపులు బిగించిన గదిలో, ఒక్క మనిషి నోటి ముందు తలకిందులుగా వేలాడుతూ వినే జాతి. నా లోపల ఉల్లిపొర కన్నా పల్చని పొర ఒకటుంది, దాని మీద బంగారు పూత. సముద్రాల అవతల ఏదో కార్ఖానాలో ఒక ఆడమనిషి ఆ పొరను బిగించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, తృప్తిగా తలూపింది. పుట్టినప్పుడు నాకు దక్కిన లాలన అంతే. వినడమే తప్ప చెప్పడం నాకు చేతకాదు. ఇప్పుడు చెబుతున్నావుగా అంటారేమో. చెప్పాల్సిన రోజున చెప్పలేకపోయాను, అదీ నా బాధ.

నా మొదటి యజమాని హైదరాబాదులో భక్తి పాటల క్యాసెట్లు తీసేవాడు. పన్నెండేళ్ళు అక్కడే వేలాడాను. నెలకో దేవుడు మారేవాడు గానీ పాట వరుస మారేది కాదు. దేవుళ్ళు పట్టించుకున్నట్టు కూడా లేదు. అక్కడ పురుషోత్తమాచారి అని ఒక గాయకుడుండేవాడు, నిండు గొంతు. ఒక శ్రావణమాసంలో ఆయన గొంతులో నాకు కొత్త చప్పుడు వినబడింది. మాట కన్నా ముందు ఊపిరి జారేది, దాని వెనక గరగరమంటూ స్వరం వచ్చేది, చివరి అక్షరం దగ్గర సన్నగా చీలేది. జలుబన్నారు. పటికబెల్లం చప్పరించమన్నారు. మరుసటి ఏడాది ఆ స్టూలు మీద వేరే ఆయన కూర్చున్నాడు. ఆచారి గారి గొంతులో పుండు లేచిందనీ, ఆలస్యంగా చూపించుకున్నారనీ, ఇక లేరనీ పనివాళ్ళు టీ తాగుతూ చెప్పుకున్నారు. ఆ చప్పుడు మాత్రం నేను మరిచిపోలేదు.

క్యాసెట్లకు కాలం చెల్లాక నన్ను ఫయాజ్ అనే రికార్డిస్టు కొనుక్కున్నాడు. చెవి మీద బతికే మనిషి. నన్ను మెత్తటి బట్టతో తుడిచి, లోపల స్పాంజి పరిచిన పెట్టెలో పడుకోబెట్టేవాడు. అతని దగ్గరికే ఒకరోజు జనగామ నుంచి ఇరవై ఒక్కేళ్ళ శ్రీశైలం వచ్చాడు. పిండీ కారమూ పట్టే గిర్ని నడిపే నర్సవ్వ కొడుకు. తండ్రి లేడు. ర్యాప్ పాడతానన్నాడు. పేరేమిటని అడిగితే "కారం" అన్నాడు. ఫయాజ్ నవ్వాడు, నేను నవ్వలేదు. నోరు తెరవగానే నా పొర అదిరిపడింది. అతని మొదటి పాట పెళ్ళి బరాతుల దాకా పాకింది. తర్వాత సినిమావాళ్ళు పిలిచి, హీరో తెరమీదికి వచ్చే ముందు అరవడానికి పెట్టుకున్నారు. మాటలు ఎవరివో, అరుపు ఇతనిది. రెండేళ్ళలో అరుపు కూడా పాతబడింది. పొగిడిన నోళ్ళే మూతి తిప్పుకున్నాయి. శైలం ఊరికి తిరిగిపోయి గిర్నిలో గోనెసంచులు ఎత్తుకుంటూ ఏడేళ్ళు నోరు మెదపలేదు.

ఏడేళ్ళ తర్వాత ఒక ఫాల్గుణంలో అతనే ఫయాజ్‌కు ఫోను చేశాడు. "భాయ్, మా గిర్ని చప్పుడు ఒకపారి వినరాదు?" అని ఫోనును మిషను దగ్గర పెట్టాడు. మోటారును రాయికి కలిపే పట్టా తిరిగే టపటప, రాయి రుద్దుకునే బొంగురు మోత. ఫయాజ్ వారం తిరక్కుండా నన్ను చంకన పెట్టుకుని జనగామ చేరాడు. గిర్ని వెనక గదిలో గోడలకు బొంతలు వేలాడగట్టి స్టూడియో చేశారు. గిర్ని నడుస్తుంటే రికార్డింగు కుదరదు, అది ఆగితే ఇల్లు గడవదు. అందుకని నర్సవ్వ మధ్యాహ్నం అన్నం తినడానికి మిషను ఆపిన గంటన్నరే మాకు దక్కేది. ఆమె కూడా ఆ రోజుల్లో మెల్లగా నమిలేది.

అలాంటి పాటలు నేను అంతకు ముందు వినలేదు. ఒకదానికి గిర్ని పట్టాయే తాళం. ఒకదానికి ఒగ్గుకథ చెప్పే ముసలాయన డోలు. ఇంకోదాంట్లో దర్గా దగ్గరి కవ్వాలీ చప్పట్ల మీద బతుకమ్మ పాటల వరుస ఎక్కింది. ఏది దేనితో కలుస్తుందని ఫయాజ్ తల పట్టుకునేవాడు, సాయంత్రానికి తనే ఊగిపోయేవాడు. శైలం కళ్ళు మూసుకుని పాడేవాడు:

"పట్టా తిరిగితె పిండి, పట్టా తెగితె మొండి,
అవ్వ చెయ్యి ఆగిందంటె వాడకు ఏడది తిండి!"

పదకొండు పాటలు అనుకున్నారు. నాలుగో పాట దగ్గర నాకు ఆ చప్పుడు వినబడింది. మాట కన్నా ముందు ఊపిరి జారింది. వెనక గరగర. చివర చీలిక. ఆచారి గారి చప్పుడే అది.

ఫయాజ్ కూడా విన్నాడు, కానీ చెవులున్న మనుషులకు నమ్మకాలు కూడా ఉంటాయి. "మైకు ముసల్దైంది. చెమ్మ పట్టినట్టుంది" అని నన్ను మూడు రోజులు బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు. ఆ చీకట్లో పడి ఉండి, నీ మైకుకేం కాలేదురా అని అరవాలనిపించింది. తీశాక మళ్ళీ అదే చప్పుడు. వరంగల్ నుంచి కొత్త మైకు ఎరువు తెచ్చాడు. అది కూడా అదే చెప్పింది. అప్పుడు ఫయాజ్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"అన్నా, ఒకసారి గొంతు చూపించుకో" అన్నాడు.

గుమ్మంలో చెంగు దులుపుకుంటున్న నర్సవ్వ నవ్వింది. "గొంతుకేమైంది బిడ్డా? మిరపకాయల దినాలు గదా ఇవి. గిర్నిల పుట్టినోడికి దగ్గు చుట్టం. రెండు పూటలు మిరియాల కషాయం తాగిస్తే అదే పోతది."

ఆమె మాట కొట్టేయడానికి లేదు. ఎండాకాలం ముందు వాడంతా ఎండుమిర్చి సంచులతో వచ్చి గిర్ని ముందు నిలబడుతుంది. ఆ రెండు నెలలు ఆ సందులో దగ్గని మనిషి లేడు. దగ్గుకు డాక్టరు దగ్గరికి పోయినవాడిని అక్కడ ఎగతాళి చేస్తారు. గొంతు బొంగురు పోవడం గిర్నివాళ్ళకు ఇంటిపేరు లాంటిది. మూడు తరాలుగా అలా నమ్మి బతికినవాళ్ళు, ఈసారి మాత్రం వేరని ఎలా అనుకుంటారు?

మిర్చి రోజులు వెళ్ళిపోయాయి. జొన్నల రోజులు వచ్చాయి. గరగర పోలేదు. పైగా శైలానికి అది నచ్చడం మొదలైంది. "ఇదే భాయ్ నా కొత్త గొంతు. పాతది సినిమావోళ్ళు తిన్నరు" అన్నాడు. ముందుగా వదిలిన ఒక పాట విని ఊరూరా కుర్రకారు ఆ బొంగురును అనుకరించసాగింది. పేపర్లో "ఏడేళ్ళకు కారం మళ్ళీ ఘాటెక్కింది" అని రాశారు. అది చదివి ఫయాజ్ భయం కాస్త సడలింది. తన మిషన్ల మీద మీటలు తిప్పి ఆ గరగరను ఇంకాస్త ముందుకు తెచ్చాడు. మనుషులు ఇంతే. ఇల్లు కాలుతుంటే వెలుతురు బాగుందంటారు.

ఎనిమిది పాటలయ్యాక ఒకరోజు శైలం ఒక్కడే గదిలోకి వచ్చాడు. ఫయాజ్ హైదరాబాదు వెళ్ళాడు, నర్సవ్వ గిర్ని దగ్గరుంది. తలుపు వేసి, నాకు కరెంటు ఇచ్చాడు. రికార్డు మీట మాత్రం నొక్కలేదు. జేబులోంచి కవరు తీసి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నాకు దగ్గరగా వంగి, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"హన్మకొండ పోయొచ్చిన. ముక్క తీసి టెస్టు చేసిన్రు. క్యాన్సర్ అట. పదిహేను రోజులల్ల వస్తే గొంతు మిగులుతదన్నడు డాక్టరు. మాట ఉంటది గని, పాట సంగతి చెప్పలేనన్నడు." కవరు మడత పెట్టాడు. "ఇంక మూడు పాటలున్నయి."

ఆ కవరును నా పెట్టెలో స్పాంజి కిందికి తోసి, పైన నన్ను పడుకోబెట్టి మూత వేశాడు. ఆ రోజు నుంచి ఆ కాగితం మీదే నా నిద్ర. అతను ఏం ఎంచుకున్నాడో లోకంలో నా ఒక్కదానికే తెలుసు. కోపమొచ్చింది. పాటదేముందిరా, నీ తల్లిని పిలవడానికైనా గొంతు మిగుల్చుకోరా అనుకున్నాను. నోరు లేనిదాని కోపం చెరువు మీద అలిగినట్టే.

పదిహేను రోజులు మూడు నెలలయ్యాయి. తొమ్మిదో పాట కుదిరింది. పదోదానికి డోలు ముసలాయన జ్వరపడితే లేచేదాకా ఆగారు. ఆ రోజుల్లో శైలం అన్నం మింగలేక గంజి తాగేవాడు. "పాట మీద పడి తిండి మానేసిండు" అని నర్సవ్వ గంజిలో నెయ్యి ఎక్కువ వేసేది. పదకొండో పాటలో అతని స్వరం దాదాపు లేదు, ఊపిరి మీదే మాటలు నడిచాయి. అంత గొప్పగా అతను ఎప్పుడూ పాడలేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా నిజం.

"గిర్ని" అని పేరు పెట్టి ఆల్బమ్ వదిలారు. వదిలిన రోజు ఫయాజ్ సంబరంగా నన్ను తుడవడానికి పెట్టె తెరిచి, స్పాంజి ఎత్తుగా ఉందేమిటని లాగాడు. కవరు కింద పడింది. చదివాడు. తారీఖు మళ్ళీ చదివాడు.

"మూడు నెల్లు, అన్నా? మూడు నెల్లు?" అని శైలం చొక్కా పట్టుకున్నాడు. "నేను పెంచిన. ఆ గరగర నా చేతుల్తోని పెంచిన."

గిర్ని ఆగింది. గుమ్మంలో నర్సవ్వ ఒంటినిండా పిండితో నిలబడి ఇద్దరినీ చూస్తోంది. కాగితంలో ఏముందని ఆమె అడిగింది. ఫయాజ్ చెప్పాడు. "కషాయం నేనే పోసిన గదరా" అని ఆమె అక్కడే కూలబడింది.

ఈసారి డాక్టరు వేరే దారి లేదన్నాడు. ప్రాణం దక్కాలంటే గొంతుపెట్టె మొత్తం తీసేయాలి. ఇక మాట రాదు.

ఆపరేషనుకు ముందు రోజు ఫయాజ్ నన్ను చివరిసారి వేలాడదీశాడు. రోజూ వాడుకునే మాటలు రికార్డు చేసి ఫోనులో పెడితే, మీట నొక్కగానే శైలం గొంతే పలుకుతుందన్నాడు. ముగ్గురూ కూర్చుని గుర్తు తెచ్చుకున్నారు. అన్నం పెట్టు. కరెంటు పోయింది. ఎవరొచ్చిన్రు. పట్టా జారింది. నొస్తుంది. ఫయాజ్ భాయ్‌కి ఫోన్ చెయ్యి. నర్సవ్వ ఒక్కటే అడిగింది: "నన్ను పిలిచేది మంచిగ చెప్పు బిడ్డా." అతను "అవ్వా" అని అయిదుసార్లు అన్నాడు. మూడుసార్లు గొంతు చీలింది, ఒకసారి ఏడుపొచ్చింది, ఒకటి కుదిరింది. అరవై మూడు మాటలయ్యాక ఇంకేమైనా మిగిలాయా అని ఫయాజ్ అడిగాడు. ముగ్గురూ ఆలోచించి లేవన్నారు.

ఇప్పుడు నేను ఆ గిర్నిలోనే ఒక గూట్లో ఉన్నాను. నా తీగ తీసేశారు. తీగ తీస్తే మాకు వినబడదనుకుంటారు గానీ, పొర వణకడం మానదు. శైలం బతికాడు. మెడకు గుడ్డ కట్టుకుని, తల్లి పక్కన సంచులు అందిస్తాడు. పనిబడితే ఫోను నొక్కుతాడు. పొద్దునైనా సాయంత్రమైనా "అవ్వా, అన్నం పెట్టు" అని అదే తీరున, అదే తొందరతో వస్తుంది. నర్సవ్వ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే "వస్తున్న బిడ్డా" అంటుంది.

నిన్న మధ్యాహ్నం గిర్ని ఆపాక, సందులోంచి ఒక ఆటో ఆ పాట మోగించుకుంటూ పోయింది. అవ్వ చెయ్యి ఆగిందంటె. ఆమె గోనెసంచి మీద కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. శైలం వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. ఫోను తీశాడు. పైనుంచి కిందికి వెతికాడు, కిందినుంచి పైకి వెతికాడు. ఏడవకు అనే మాట అరవై మూడింటిలో లేదు. చెప్పించాలని ఎవరికీ తట్టలేదు. అతని వేలు చాలాసేపు ఆ మీటల మీద తచ్చాడింది, చివరికి ఒకదాని మీద ఆగింది.

"అవ్వా, మంచినీళ్ళు తే."

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగలేదు. చెంబు రెండు చేతులా పట్టుకుని, ఆమె నోటి దగ్గరికి ఎత్తాడు.