పరుపు మీద ప్రొఫెసర్

...అయినా కళ్ళు మూసుకున్నవాడల్లా నిద్రపోతున్నాడని నమ్మే జనం కోసం ఇన్ని లైట్లు దేనికి, అనుకున్నాడు ప్రొఫెసర్, పరుపు మీద వెల్లకిలా పడుకుని. నిద్ర మీద ఇరవై ఏళ్ళు పరిశోధన చేసి, చివరికి పట్టపగలు, కోటు వేసుకుని, కెమెరా ముందు దొంగనిద్ర!

పరుపు ఇప్పుడు ఆ పరిశోధనకు డబ్బిస్తున్న కంపెనీది. దానికీ మామూలు పరుపుకీ నిద్రలో తేడా ఏమీ లేదని అతని ల్యాబ్ పరీక్షల్లోనే తేలింది. ఫొటో కింద మాత్రం ‘గాఢనిద్రకు ఈ పరుపే మేలు: ప్రొఫెసర్’ అని వేస్తారట.

“ఒరేయ్, మొహం కాస్త ప్రశాంతంగా పెట్టరా,” అన్నాడు నిధుల విభాగం డైరెక్టరు, ఒకే బెంచీ మీద చదువుకున్న చనువుతో. బయటినుంచి డబ్బు తెచ్చే మనిషి గనక యూనివర్సిటీలో ఆయన వస్తే డీన్‌లు కూడా లేచి నిలబడతారు.

“తేడా లేదని తేలింది కదరా,” అన్నాడు ప్రొఫెసర్ పెదవులు కదపకుండా.

“తేడా లేదంటే చెడ్డదని కాదుగా! ఇచ్చేవాళ్ళని కొత్తల్లుడిలా చూసుకోవాలి. అలిగి లేచారంటే నీ ల్యాబ్‌కి తాళమే. ఆ పిల్ల థీసిస్ సగంలో ఆగిపోతుంది. ఆ పాపం నీకెందుకు?”

పిల్ల అంటే గోడవార నిలబడ్డ పరిశోధక విద్యార్థిని. ఆమె కోసమే పడుకున్నానని పొద్దున్నుంచీ తనకు తాను చెప్పుకుంటున్నాడు. ఎంత ఉదారమైన అబద్ధం! ఏళ్ళ తరబడి మెట్ల కింద గదిలో, ఎలుకల మందు వాసనలో పనిచేశాక, ఈ కంపెనీ పుణ్యమా అని కిటికీ ఉన్న ల్యాబ్ వచ్చింది. తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో పేరు. లిఫ్టులో మొహం తిప్పుకునే డీన్ ఇప్పుడు భుజం మీద చెయ్యేస్తున్నాడు. ఆ చెయ్యి బరువు హాయిగా ఉంది. అదీ రోగం. మనుషుల మనసులు చదివే శాస్త్రంలో అతను కనిపెట్టిందల్లా, తన మనసు ఇంత చవకని.

“బాగా వస్తోంది సార్, కదలకండి,” అంది కంపెనీ నుంచి వచ్చినావిడ. తర్వాత గోడ వైపు తిరిగి, “నువ్వు చెప్పమ్మా, అందరినీ పడుకోబెట్టి పరీక్షించింది నువ్వే కదా. మా పరుపు మీదే బాగా నిద్రపోయారు, కదూ?” అని అడిగింది.

ఆ పిల్ల నిజం చెప్పేస్తుందేమోనని ప్రొఫెసర్‌కి భయం. చెప్పేస్తే తనకు ఆ పని తప్పుతుందని అంతకంటే సిగ్గుమాలిన ఆశ.

“సార్ ఎలా చెప్తే అలాగే మేడం,” అంది.

గొంతులో వణుకు లేదు. కోపం కూడా లేదు. రోజూ చేసే పనిలా అనేసింది.

డైరెక్టరు మురిసిపోయాడు. “చూశావుట్రా నీ శిష్యురాల్ని! బంగారం! పైకొస్తుంది.”

వస్తుంది. ఇలాగే ఒకనాడు, కెమెరా ముందు, ఏదో ఒక కంపెనీ పరుపు మీదికి.

“రెడీ సార్, ఇక తీస్తున్నాం...”

ప్రొఫెసర్ లేచి కూర్చుని, కాలితో మంచం కింద బూట్ల కోసం వెతుక్కున్నాడు.